లయి లేకుండా తీసిన పేజీ

తాండూరులో బస్టాండు వెనక సందులో, నాపరాళ్ల వ్యాపారులు కలిసి కట్టించిన పఠనాలయం ఒకటి ఉంది. దాని బీరువాల్లోని పుస్తకాల్లో సగానికి పైగా ఇస్మాయిల్ చేతిలో ఒకసారి విడిపోయి, మళ్లీ కట్టుకున్నవే. ఆయన జిల్దులు కట్టే మనిషి. చిరిగిన అట్ట ఊడదీసి, దారంతో కుట్టి, వెన్నుకు గుడ్డ అంటించి, కొత్త అట్ట వేసి ఇస్తాడు. ఆయన కట్టిన పుస్తకాన్ని బల్ల మీద తెరిచి వదిలేస్తే తెరిచినట్టే ఉంటుంది, దానంతట అది మూసుకోదు. ఆ సంగతి మీద ఆయనకు కాస్త గర్వం ఉంది. కాస్త అనడం మర్యాద కోసం.

ఇస్మాయిల్‌కు ఇప్పుడు అరవై ఒకటి. పుట్టింది మోమిన్‌పేట్ దగ్గర పల్లెలో. చిన్నతనంలోనే వికారాబాద్ వచ్చి ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాడు. మొదటి ఏడాదంతా ఉస్తాద్ ఆయనతో లయి ఉడకబెట్టించాడు. లయి అంటే మరేం లేదు, మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపిన జిగురు. రెండో ఏడాది కుట్టడం, ఆ తర్వాత అట్టలు. పుస్తకంలోంచి ఒక్క పేజీని పక్క పేజీ కదలకుండా ఊడదీయడం మాత్రం అన్నిటికంటే చివర నేర్పాడు. అదీ ఒక షరతు మీద. లయి ఉడికి, గిన్నె పక్కన పెట్టుకున్నాకే పేజీ మీద చెయ్యి వేయాలి. తిరిగి అంటించడానికి సిద్ధంగా లేనివాడు తీయనేకూడదు.

ఆ తీసే పద్ధతి ఏమిటో ఇక్కడ రాయడం లేదు. చదివేవాళ్లకు కుతూహలంగానే ఉంటుంది, తెలుసు. అయినా రాయను. ఎందుకు రాయనో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

పఠనాలయం చూసుకునేది రాజేందర్. కొడంగల్ వైపు రైతు కుటుంబం వాళ్లది. అన్నలు పొలం చూసుకుంటే ఈయన పుస్తకాల్లో పడ్డాడు. మహా కచ్చితమైన మనిషి. కమిటీ అధ్యక్షుడు వచ్చి పుస్తకం అడిగినా రిజిస్టరులో రాసి, సంతకం పెట్టించుకున్నాకే చేతికిస్తాడు. ఒక్క ఇస్మాయిల్‌కు మాత్రం ఆ లెక్క లేదు. నెలనెలా వచ్చి, చిరిగిన పుస్తకాలు ఏరుకుని, గోనెసంచిలో వేసుకుని ఇంటికి పట్టుకుపోతాడు. రాజేందర్ కంటే ముందున్నాయన కాలం నుంచీ అంతే, ముప్పై నాలుగేళ్లుగా ఆయన పేరు మీద ఆ రిజిస్టరు తెరిచింది లేదు. ఇస్మాయిల్‌కు ఊళ్లో సొంత ఇల్లు లేదు, చెప్పుకోదగ్గ మరో ఆస్తీ లేదు. రాయకుండా ఇస్తారన్న ఆ మాటే ఆయన ఆస్తి.

పోయిన వానకాలంలో ఒక మధ్యాహ్నం ఆయన అట్టల కొలతలు తీసుకోవడానికి వచ్చాడు. కొలతలకే కనుక లయి గిన్నె వెంట తేలేదు. పెద్ద బల్ల చుట్టూ గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు కూర్చుని ఉన్నారు. పిల్లలంటే పాతికేళ్లు దాటినవాళ్లే. వాళ్లలో రచన ఒకతి, రోజూ పెద్దేముల్ నుంచి షేర్ ఆటోలో వచ్చి, నాలుగు పుస్తకాలు ఒక్కసారే ముందు పరుచుకుని చదివే పిల్ల.

"చాచా, గీ ఎకానమీ పుస్తకంల ఒక పేజీ ఉల్టా అంటించిన్రు. చదవాలంటే పుస్తకమే తిప్పుడైతున్నది" అంది ఆమె.

రేపు సామాను తెచ్చి సరిచేస్తానంటే సరిపోయేది. కానీ చుట్టూ ఐదారుగురు ఉన్నారు, అందరూ తన చేతుల వంకే చూస్తున్నారు. ఇస్మాయిల్ పుస్తకం ముందుకు లాక్కున్నాడు. క్షణం కూడా పట్టలేదు, పేజీ చేతిలోకి వచ్చేసింది. చప్పుడు లేదు, అంచు చిరగలేదు, పక్క పేజీ కదల్లేదు.

"చాచా! ఎట్ల తీసినవ్? జర ఇంకోసారి తియ్యి, ఫోన్ల పట్టుకుంట" అన్నాడు ప్రణయ్. మూడోసారి గ్రూప్స్ రాస్తున్న కుర్రాడు. చదువుకంటే ఫోను మీదే చెయ్యి తిరిగినవాడు.

ముప్పై నాలుగేళ్లలో ఆ చేతుల పని చూస్తామని అడిగినవాళ్లు లేరు. కట్టిన పుస్తకం చూస్తారు గానీ కట్టేవాడిని ఎవరు చూస్తారు? ఇస్మాయిల్ పొంగిపోయాడు. మూలన పడి ఉన్న పాత పుస్తకం ఒకటి తీసుకుని, నిదానంగా, ఏ వేలు ఎక్కడ పెట్టాలో కూడా చెబుతూ చేసి చూపించాడు.

"మళ్ల పెట్టేది గూడ ఫోన్ల తియ్యాలె బేటా. రేపు లయి తెస్త" అన్నాడు.

"పెట్టుడు ఎవ్వలు చూడరు చాచా. నలభై సెకండ్లు దాటితే పైకి నెట్టేస్తరు."

తీసిన రెండు పేజీలూ మడత పడకుండా చొక్కా జేబులో పెట్టుకుని ఇస్మాయిల్ ఇంటికి వెళ్లాడు. మర్నాడే తెచ్చి అంటించేశాడు కూడా. పనిలో తప్పేమీ జరగలేదు. తప్పు ఫోనులో మిగిలింది.

నాలుగు రోజుల్లో ఆ వీడియోను అరవై వేల మంది చూశారు. 'చప్పుడు లేకుండా పేజీ మాయం' అని ప్రణయ్ దానికి పేరు పెట్టాడు. మొహం లేదు, రెండు చేతులు మాత్రమే కనిపిస్తాయి. ఇస్మాయిల్ ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు, చాయ్ హోటల్లో ఉన్నవాళ్లకు, కటింగ్ షాపులో ఉన్నవాళ్లకు, మసీదు దగ్గర కలిసినవాళ్లకు తప్ప. ఇంట్లో ఆయన భార్య ఖాదర్‌బీకి కూడా చూపించాడు. పుస్తకాలకు కుట్టు వేసేది ఆమే. కళ్లజోడు పైకి జరుపుకుని రెండుసార్లు చూసింది.

"నికాల్నా దిఖాయే. లగానా కైకు నై దిఖాయే?" అంది. తీయడం చూపించావు సరే, పెట్టడం ఎందుకు చూపించలేదు అని.

"ఇవన్నీ ఫోన్ల సంగతులు, నీకు తెల్వది" అన్నాడాయన. ఆ మాట అన్నందుకు తర్వాత చాలా రోజులు బాధపడ్డాడు.

నెల తిరిగింది. రాజేందర్ ఏదో వెతుకుతూ ఎకానమీ పుస్తకం తెరిస్తే నూట ఎనభై తర్వాత నూట ఎనభై తొమ్మిది ఉంది. మరోటి తీశాడు, అదీ అంతే. సాయంత్రానికి పదకొండు పుస్తకాలు తేలాయి, మొత్తం నలభై మూడు కాగితాలు లేవు. చించితే అంచు మిగులుతుంది. కోస్తే గాటు కనిపిస్తుంది. వీటిలో అవేవీ లేవు. అచ్చువాళ్లే ఆ పేజీలు వేయడం మరిచిపోయినట్టుంది.

అంత శుభ్రంగా పేజీ తీయగల మనిషి రాజేందర్ ఎరుగున్నంతలో ఆ ఊళ్లో ఒక్కడే. రాజేందర్ వీడియోలు చూసే రకం కాదు. ఇస్మాయిల్‌ను అనుమానించడం ఇష్టమూ లేదు. అయినా ఆ వారం ఇస్మాయిల్ సంచి నింపుకుని లేవబోతుంటే, బల్ల సొరుగు లాగి రిజిస్టరు బయటకు తీశాడు.

"ఇస్మాయిల్ భాయ్, ఏమనుకోకు. గీడ జర సంతకం పెట్టు."

ఇస్మాయిల్ తొమ్మిది పుస్తకాలకు తొమ్మిది సంతకాలు పెట్టాడు. నాలుగోది ఆయన సంతకంలానే లేదు. రాజేందర్ తల ఎత్తకుండా ఇంకో మాట కూడా చెప్పాడు. పదకొండు పుస్తకాల్లో నలభై మూడు కాగితాలు గాటు కూడా లేకుండా పోయాయి, అందుకని ఒకటో తారీకు నుంచి పరీక్షల పుస్తకాలన్నీ తాళం బీరువాలోకి వెళతాయి. అడిగిన పుస్తకం ఒక్కటే ఇస్తారు, అదీ కౌంటర్ ముందు కూర్చుని చదవాలి. బల్ల దగ్గర రచన ఆ మాట విని, తన ముందున్న నాలుగు పుస్తకాల వంక ఒకసారి చూసుకుంది.

పేజీలు ఎలా పోయాయో ఇస్మాయిల్‌కు వినగానే అర్థమైంది. చెబితే ఆ పద్ధతి నేర్పింది తానేనని ఒప్పుకోవాలి. ఇక జన్మలో రాజేందర్ ఆయన సంచి వంక నమ్మకంగా చూడడు. చెప్పకపోతే దొంగ అనే అనుమానం పైన ఉంటుంది, కానీ ఎవరూ రుజువు చేయలేరు. ఆయన సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చేశాడు. ఇంతటి పనివాడు అంత పిరికివాడు అవుతాడని ఎవరనుకుంటారు?

చాయ్ హోటల్ దగ్గర ప్రణయ్ కనిపిస్తే పక్కకు పిలిచి సంగతి చెప్పాడు.

ప్రణయ్ మొహం మాడిపోయింది గానీ వాదన మాత్రం తగ్గలేదు. "చాచా, మనం ఎట్ల తియ్యాలెనో చూపెట్టినం, గంతే. తియ్యుమని అనలే గద. తాళం ఎట్ల తీస్తరో గూడ ఫోన్ల ఉంటది. దొంగతనం అయితే ఆ వీడియో తీసినోని మీద కేసు పెడ్తరా?"

ఆ మాట ఇస్మాయిల్‌కు ఎంతో హాయిగా వినిపించింది. నిజమే కదా, నేనేం తీయలేదు కదా. రెండు రోజులు ఆ మాటనే పట్టుకుని తిరిగాడు. అన్నం తినేటప్పుడు, లయి కలిపేటప్పుడు మనసులో అదే అనుకున్నాడు. కానీ లయి గిన్నె చూసినప్పుడల్లా ఉస్తాద్ పెట్టిన షరతు గుర్తుకొచ్చేది. ఆ షరతు ఎందుకు పెట్టాడో ఇన్నేళ్లూ పనికి సంబంధించిన సంగతనే అనుకున్నాడు. అది మనిషికి సంబంధించినదేమో అని మొదటిసారి అనిపించింది.

ఆ నెలాఖరులో ఎప్పటిలాగే ప్యాసింజర్ బండి ఎక్కి వికారాబాద్ వెళ్లాడు. అక్కడ ఒక ట్రస్టు వాళ్ల రీడింగ్ రూము ఉంది, దాన్ని మార్త నడుపుతుంది. యాభై దాటిన ఆవిడ, నెమ్మదస్తురాలు, ఇరవై ఏళ్లుగా ఇస్మాయిల్‌ను అన్నా అని పిలుస్తుంది. నీళ్లు ఇచ్చి కూర్చోబెట్టి, ఆరు పుస్తకాలు తెచ్చి ముందు పెట్టింది. తెరవకముందే ఆయనకు అర్థమైంది.

"ఈడ గూడనా?" అన్నాడు.

మార్త ఫోను తీసి ఆ వీడియో పెట్టింది. అందులో కుడిచేతి చిటికెన వేలుకు గోరు లేదు. పనిలో చేరిన కొత్తలో కాగితాలు కోసే కత్తి కింద పడి పోయిన గోరు అది.

"అన్నా, మొహం లేకున్నా గీ చేతులు నాకు ఎరుకే. మా బైబిల్‌కు జిల్దు కట్టిన చేతులు."

ఇస్మాయిల్ చేతులు బల్ల కిందికి లాక్కున్నాడు. అరవై ఏళ్ల మనిషి చిన్నపిల్లాడిలా చేతులు దాచుకోవడం చూసి మార్తకు జాలేసింది.

"నేనే మార్తమ్మా. పిల్లలు అడిగిన్రని చూపెట్టిన. గిట్ల అయితదనుకోలే."

"నువ్వు కావాలని చేసినవని అంటలేను. మావోళ్లు గీ వీడియోను అందరికి పంపుదమన్నరు, గిట్ల దొంగతనం చేస్తున్రు జాగ్రత్త అని రాసి. నేను వద్దన్న."

"ఎందుకు? మంచిదే గద."

"జాగ్రత్త అని పంపినా నేర్పినట్టే గదన్నా. తెల్వనోళ్లకు గూడ తెలుస్తది. నా ఫోన్లకు వచ్చింది, నా ఫోన్లనే ఆగాలె." అంటూనే ఆయన కళ్లముందే దాన్ని తీసేసింది.

తిరుగు బండిలో కిటికీ పక్కన సీటు దొరికినా ఇస్మాయిల్ బయటకు చూడలేదు. తీయమని అనలేదు కదా అన్న ప్రణయ్ మాట ఇప్పుడు నిలబడటం లేదు. ఎవరో తప్పు చేస్తారని భయపడి మార్త జాగ్రత్త అన్న మాట కూడా పంపలేదు. తాను మెప్పు కోసం ఏ వేలు ఎక్కడ పెట్టాలో కూడా చెప్పాడు. తాండూరులో దిగి ఇంటికి పోకుండా నేరుగా పఠనాలయానికి నడిచాడు.

నాలుగు గంటలవుతోంది. బల్ల నిండా పిల్లలున్నారు. రాజేందర్‌ను లోపలికి పిలిచి చెప్పవచ్చు. కానీ ఆ గదిలోనే నేర్పాడు కాబట్టి ఆ గదిలోనే చెప్పాలనుకున్నాడు.

"సారూ, పేజీలు నేను తియ్యలే. గని తీసుడు నేర్పింది నేనే. గీ బల్ల కాడనే కూసోని, లయి గిన్నె గూడ లేకుండ, ఫోన్ల తీస్తుంటే చూపెట్టిన. గా చేతులు నావే."

ప్రణయ్ తల వంచుకున్నాడు. రాజేందర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. ఆయనకు కోపం వచ్చింది, బాధ కూడా కలిగింది. రెండింటిలో ఏది ముందు బయటికొస్తుందో ఆయనకే తెలియలేదు.

"నిన్ను అనుమానపడ్డనని నేను నెల దినాలు తిండి సరిగ తినలే ఇస్మాయిల్ భాయ్. గీ మాట ఆనాడే చెప్తే అయిపోతుండె గద."

"భయపడ్డ సారూ. నువ్వు రాయకుండ ఇస్తవని గదా నాకు గీ ఊళ్లె ఇజ్జత్. అది పోతదని భయపడ్డ." ఇస్మాయిల్ రిజిస్టరు ఉన్న సొరుగు వైపు చెయ్యి చూపించాడు. "ఇగ నుంచి రాసే ఇయ్యి. నేనే అడుగుతున్న. బీరువాకు తాళం మాత్రం ఒక్క నెల ఆపు. నేను రోజు లయి తెచ్చుకోని ఈడ కూసుంట. పేజీ ఎవలు తెచ్చినా అతికిస్త. ఎవలు తీసిన్రని అడుగ."

రాజేందర్ లేచి, గోడకున్న క్యాలెండరులో వచ్చే నెల కాదు, ఆ పై నెల ఒకటో తారీకు చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాడు. అదే ఆయన ఒప్పుకోలు.

మర్నాటి నుంచి కిటికీ పక్కన ఇస్మాయిల్ బల్ల పడింది. దాని మీద లయి గిన్నె, బ్రష్షు, గుడ్డముక్క, అతికించిన పుస్తకాల మీద బరువు పెట్టడానికి జానెడు నాపరాయి పలక. ఆ పలక నున్నగా పాలిష్ పట్టినది, ఊళ్లో మిల్లు నుంచి తెచ్చుకున్నదే. ప్రణయ్ వీడియో తీసేశాడు. అది ఎందరి ఫోన్లలో మిగిలి ఉందో ఎవరికీ తెలియదు, బయటికి పోయింది పోయిందే. ఆ తప్పు దిద్దుకోవాలని అతనే ఇంకో వీడియో తీశాడు. ఈసారి లయి ఉడికించడం నుంచి పేజీ అంటించి రాయి పెట్టేదాకా ఆరు నిమిషాలు. వారంలో నూట పన్నెండు మంది చూశారు.

"చెప్పలేదా చాచా, పెట్టుడు ఎవ్వలు చూడరని" అన్నాడు నీరసంగా.

"నూట పన్నెండు మంది చూసిన్రు గద. గా నూట పన్నెండు మంది ఎవలో నీకు తెలుసా?" అన్నాడు ఇస్మాయిల్. బింకానికే అన్నాడు గానీ ఆయనకూ ఆశ లేదు.

మొదటి వారం ఒక్క కాగితమూ రాలేదు. రెండో వారం పొద్దున తలుపు తీస్తే గుమ్మం కింద ఒక కవరు కనిపించింది, అందులో ఏడు కాగితాలున్నాయి. ఆ తర్వాత రెండు, ఐదు, నాలుగు. ఒకదాని మీద పెన్సిలుతో గీతలు గీసి ఉంటే రచన రబ్బరుతో తుడిచి ఇచ్చింది. మూడో వారం చివరికి నలభై మూడింటిలో పద్దెనిమిది ఇల్లు చేరాయి. మిగతావి రావని రాజేందర్ తేల్చేశాడు, బీరువాకు కొత్త తాళం కూడా కొని సొరుగులో పెట్టాడు. ఇస్మాయిల్ కాదనలేదు. ఆయన తీసుకువెళ్లే పుస్తకాలకు రోజూ సంతకం పెడుతూనే ఉన్నాడు, ఇప్పుడు అన్నీ ఒక్కలాగే వస్తున్నాయి.

ఒకటో తారీకు ఇంక రెండు రోజులుందనగా మధ్యాహ్నం నమాజుకు వెళ్లి వచ్చాడు. బల్ల మీద గిన్నెలో బ్రష్షు తిరగబడి ఉంది. పక్కన ఒక చరిత్ర పుస్తకం. తెరిచి చూస్తే పోయిన కాగితాల్లో ఒకటి అందులో అతికించి ఉంది. వంకరగా ఉంది. లయి ఎక్కువై పక్కలకు కారి, అవతలి పేజీకి మరక పట్టింది. ఇంకా తడి ఆరలేదు. అంటే పెట్టినవాళ్లు ఇప్పుడే పెట్టారు, ఈ గదిలోనే ఉన్నారు. బల్ల చుట్టూ పద్నాలుగు మంది పుస్తకాల్లో తల దూర్చి కూర్చున్నారు, ఇంత శ్రద్ధగా వాళ్లు ఎన్నడూ చదవలేదు.

రాజేందర్ వచ్చి ఆయన భుజం మీదుగా చూశాడు. "గింత వంకరగనా? సరిజెయ్యరాదా?"

సరిచేయడం ఇస్మాయిల్‌కు రెండు నిమిషాల పని. వంకర అతుకు చూస్తే ఆయనకు నిద్ర పట్టదు. చెయ్యి ముందుకు వెళ్లింది కూడా. కానీ ఆ పేజీ సరిచేయాలంటే మళ్లీ తీయాలి.

"ఉండనియ్యి సారూ" అన్నాడు. పుస్తకం మూసి, ఎవరి వంకా చూడకుండా, గదికంతా వినపడేలా చెప్పాడు. "అతికిచ్చినంక తడి ఆరేదాక మీద బరువు పెట్టాలె. లేకుంటే లేస్తది." నాపరాయి పలక రెండు చేతులతో ఎత్తి దాని మీద పెట్టాడు.

మర్నాడు వచ్చేసరికి పలక పెట్టిన చోట లేదు. చరిత్ర పుస్తకం ఆరిపోయి పక్కన ఉంది. బల్ల రెండో చివర మూడు పుస్తకాలు ఒకదాని మీద ఒకటి సర్ది, వాటి మీద ఎవరో పలక పెట్టి ఉంచారు. గిన్నెలో లయి అడుగంటింది. ఇస్మాయిల్ పలక ఎత్తి చూడలేదు, తడి ఆరేదాకా దాన్ని కదపకూడదు. సొరుగు లాగిన చప్పుడు వినిపిస్తే అటు తిరిగాడు. రాజేందర్ కొత్త తాళాన్ని కొన్న కవరులోనే మళ్లీ పెడుతున్నాడు.

ఇస్మాయిల్ గిన్నె పట్టుకుని, లయి ఉడికించుకు రావడానికి ఇంటికి బయల్దేరాడు.